మూడో బల్ల తూకం

ఆ ఏడు నిమిషాల్నీ బురుల్ సోమవారం నాడు తీసేసింది.

అక్రోటు కాయలు కొట్టే షెడ్డుకి అజమాయిషీ చేసే మనిషి, జలాలాబాద్‌లో మూడు శనివారాలు కూర్చుని నేర్చుకొచ్చిన విద్య అది. షెడ్డులో ఓ మూల నిలబడు, చేతిలో గడియారం పట్టుకో, కాలం ఎక్కడ కారిపోతోందో కాగితం మీద రాయి, కారేచోట బిరడా పెట్టు. బిష్కెక్ నుంచి వచ్చిన ఆ పాఠాలాయన చెప్పింది అంతే. బురుల్ అక్షరం పొల్లుపోకుండా చేసింది. అక్రోటు చిప్పలు ఊడ్చడానికి నాలుగు నిమిషాలు, టీకి పన్నెండు, సాయంత్రం తూకానికి ముందు మూడో బల్ల దగ్గర ఏడు.

మూడో బల్లకి తోతుకాన్ అపా పెద్ద. వయసులో షెడ్డు మొత్తానికీ ఆవిడే పెద్ద. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, అందరికీ అపాయే, అంటే పెద్దమ్మే. కొట్టడం ఆపాక ఆ బల్ల ఆడవాళ్ళందరూ తమ తమ బేసిన్లు ముందు పెట్టుకుని, తలలు వంచి, అరచేతులు మొహాల ముందు విప్పి కూర్చునేవాళ్ళు. అపా గోడ పట్టుకుంటూ, భుజాలు పట్టుకుంటూ బల్ల చుట్టూ తిరిగి, ఒక్కో బేసిన్లో చెయ్యి ముంచి “బెరెకే, బెరెకే, రాశి తరగకుండు గాక” అని దీవించేది. చివర్లో అందరూ ఓమిన్ అని చేతులతో మొహం తడుముకునేవాళ్ళు. అప్పుడుగానీ బేసిన్లు కాటా ఎక్కేవి కావు. మిగతా రెండు బల్లల మీద అంత పెద్దవాళ్ళు లేరు గనక వాటికి ఈ తతంగం లేదు. గంట కొట్టగానే తూకం, ఇల్లు.

బురుల్ ఆ సంగతి చాలా మర్యాదగా చెప్పింది. పాఠాలాయన చెప్పినట్టు నవ్వు మొహం పెట్టి, ఒక్కొక్కరి కళ్ళలోకీ చూస్తూ, దీవెన ఇంటి దగ్గరా చేసుకోవచ్చు కదా, తూకం మాత్రం గంటకే మొదలుపెడదాం అంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే మొహమాటం లేకుండా అందరి ముందూ చెప్పమంది. ఎవరూ మాట్లాడలేదు. అపా తన సుత్తిని గుడ్డలో చుట్టుకుంటూ కూర్చుంది. సరే, అందరికీ ఇష్టమే అన్నమాట అనుకుని బురుల్ కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. వీళ్ళ ఊరు బజార్ కొర్గోన్‌లో మాత్రం పెద్దావిడ నోరు విప్పేదాకా మౌనం వట్టి మౌనమే, అందులో అంగీకారం పావు వంతు కూడా ఉండదు. ఈ సంగతి బురుల్‌కి ఉగ్గుపాలతో తెలిసిందే. మూడు శనివారాల్లో మరిచిపోయింది.

యజమాని మామాసాలిని అందరూ బైకే, అంటే అన్న, అంటారు. ఆయన గురువారం పొద్దున్నే షెడ్డుకి వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాకుండా బురుల్‌ని చిప్పల కుప్ప దగ్గరికి పిలిచాడు. అల్మాటీ వర్తకుడు ఆర్డరు తగ్గించుకున్నాడట. ఇప్పుడున్నంత మంది అక్కర్లేదట. సోమవారం నుంచి ఒకరు మానెయ్యాలి, ఆ ఒకరెవరో శనివారానికల్లా చెప్పమన్నాడు.

ఎవర్ని మానెయ్యమంటాం బైకే, ఒకరిని అంటే ఇంకొకరికి కోపం అని బురుల్ నసిగింది.

“ఏడ్చినట్టుంది. నువ్వే కదా జలాలాబాద్ నుంచి వచ్చి చెప్పావు, అంకె అబద్ధమాడదని? ఈ వారం తూకంలో ఆఖరున ఎవరుంటే వాళ్ళు. నీకూ నాకూ మాట రాదు.”

ఆ మాట తనే అంది. చాలా గొప్పగా కూడా అంది. అందుకే దానికి ఎదురు చెప్పలేకపోయింది. రిజిస్టరు తీసి చూసింది. ఆఖరున జూరా ఉంది.

జూరాకి ఇరవై మూడేళ్ళు. కిందటేడు శీతాకాలంలో, మానేసిన ఒకావిడ చోట్లో చేరింది. మూడో బల్ల మీద, కిటికీ పక్కనున్న పెద్దపీట మీద అపా కూర్చుంటే, ఆవిడ కుడిచేతి పక్కన కూర్చుంటుంది. రోజుకి పదకొండు కిలోల సీతాకోకలు కొట్టే పిల్ల. రెండు రెక్కలూ విరగకుండా చిప్పలోంచి జంటగా ఊడొచ్చే పప్పుని ఇక్కడ సీతాకోక అంటారు, తూకానికి వచ్చేది అదే, ముక్కలు లెక్కలోకి రావు. అలాంటి పిల్ల సోమవారం ఎనిమిది, మంగళవారం ఎనిమిది, బుధవారం ఏడున్నర.

దాపరికం లేకుండా మాట్లాడాలి, సమస్యను మనిషి ముందే పెట్టాలి అన్నది ఇంకో పాఠం. బురుల్ టీ వేళ అందరి ముందూ జూరాని నిలబెట్టి, తూకం ఎందుకు తగ్గిందని అడిగింది. ఒంట్లో బాగాలేదా, ఇంట్లో గొడవా, సుత్తి బాగాలేదా అని ఒక్కొక్కటే అడిగింది. జూరా తల వంచుకుని తన బొటనవేలి మీది నల్లమరకను గోకుతూ నిలబడింది. కళ్ళలోకి చూసి మాట్లాడమని బురుల్ అంది. పెద్దవాళ్ళ మధ్య నిలబడ్డ కోడలుపిల్ల కళ్ళెత్తి చూడటమనేది ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. జూరా చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీద ఎవరో టీ గిన్నె కింద పెట్టిన చప్పుడు గట్టిగా వినపడింది. అపా మాత్రం ఎండిన రొట్టెముక్కని టీలో ముంచి నానబెడుతూ ఉంది.

ఒకరిని తీసేస్తారన్న మాట సాయంత్రానికి షెడ్డంతా పాకింది. జూరా గేటు దగ్గర కాచుకుని ఉంది. కండువా కొసను నోటికి అడ్డం పెట్టుకుని పక్కన నడిచింది.

“ఎజే, తీసేసేది నన్నేనా అక్కా?”

బురుల్ నడక వేగం పెంచింది.

“మా అత్తని ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. మానేశానంటే మళ్ళీ గడప దాటనివ్వదు. ఆవుల దగ్గరే ఇక. నాకు ఆవులంటే కోపమేం లేదనుకోండి. కానీ రోజంతా మాట్లాడ్డానికి అవి తప్ప ఎవరూ ఉండరు.”

మరి తూకం ఎందుకు పడిపోతోందే, కారణం ఏదో ఒకటి చెప్పు, రాసుకుంటాను, బైకేకి చూపిస్తాను అని బురుల్ బతిమాలినట్టే అడిగింది. జూరా చలి ఎక్కువగా ఉందని చెప్పి సందులోకి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బురుల్‌కి రిజిస్టరు అంకెలే కళ్ళ ముందు తిరిగాయి. ఒకరి కూడు తియ్యడానికి తన చేతిరాతే పనికొస్తోందన్న సంగతి మనసులోంచి పోలేదు.

శుక్రవారం పొద్దుట బురుల్ మళ్ళీ గడియారం పట్టుకుని మూల నిలబడింది. ఈసారి షెడ్డంతా చూడలేదు, ఒక్క జూరా చేతుల్నే చూసింది. ఎడమ చెయ్యి గోతంలోంచి కాయ తీస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా నిలబెట్టి, అతుకు పక్కకి వచ్చేలా తిప్పుతుంది. సుత్తి కొన మీద ఒక్కటే దెబ్బ, పెద్దది కాదు, తలుపు తట్టినట్టు. చిప్ప రెండుగా విచ్చుకుంటుంది, సీతాకోక ఊడిపడుతుంది. బురుల్ లెక్కపెట్టింది. నిమిషానికి తొమ్మిది. పక్క బల్ల మీద అందరికంటే చురుకైన మనిషిని కూడా లెక్కపెట్టింది. ఏడు.

షెడ్డులో అందరికంటే వేగంగా కొడుతున్న పిల్ల తూకంలో ఆఖరున ఎలా ఉంటుంది?

బురుల్ గడియారం జేబులో వేసి ఊరికే చూడటం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. జూరా ఎడమ చెయ్యి గోతం దగ్గరికి వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళడం లేదు. పిడికిలి మూసి వెళ్తోంది. దారిలో అపా బేసిన్ మీదుగా పోతూ ఒక్క క్షణం విచ్చుకుంటోంది. నాలుగైదు కాయలకొకసారి. ఎంత అలవాటైన కదలికంటే, చూస్తూ కూడా చూడనట్టే ఉంటుంది. అపా చేతులు కూడా అప్పుడే చూసింది బురుల్. ఆవిడ కాయని వేళ్ళతో తడుముతోంది, అతుకు కోసం గోరుతో వెతుకుతోంది, మొహం మాత్రం కిటికీ వైపు ఉంది. మూడు కాయలకి ఒకటి ముక్కలవుతోంది. ఆవిడ కళ్ళు పోయాయి. ఎప్పటినుంచి పోయాయో, బల్లకంతా తెలిసిన విషయం షెడ్డు అజమాయిషీ చేసే తనకి ఎందుకు తెలియలేదో బురుల్‌కి అర్థం కాలేదు.

అందరూ టీకి లేచాక కాటా గదిలోకి వెళ్ళి రిజిస్టరు ముందేసుకుంది. పోయిన వారం మూడో బల్ల మీద ఏడుగురికీ ఏడు పదకొండ్లు. ఒక్కోసారి వంద గ్రాములు అటూ ఇటూ. ఈ సోమవారం నుంచి అపాకి పదకొండే, జూరాకి ఎనిమిది, తక్కిన అయిదుగురికీ పదకొండున్నర దాటి. బురుల్ అడ్డంగా కాకుండా నిలువుగా కూడింది. పాఠాలాయన అదొకటి చెప్పాడు, ఒకే అంకెల్ని రెండు దిక్కుల నుంచి చూడమని. పోయిన వారం బల్ల మొత్తం డెబ్బై ఏడు. ఈ వారం బల్ల మొత్తం డెబ్బై ఏడు.

అంకె అబద్ధమాడలేదు. పగలంతా జూరా అపాకి ఇస్తోంది. సాయంత్రం, దీవెన వేళ, ఎవరో జూరాకి తిరిగిస్తూ వచ్చారు. సోమవారం నుంచి ఆ తిరిగివ్వడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో బురుల్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇది ఎప్పటి నుంచి జరుగుతోందో చూద్దామని పాత రిజిస్టర్లు దింపింది. కిందటేడు, ఆ ముందేడు, ఆ పై ఏడు. దుమ్ముకి తుమ్ములు వచ్చాయి. నాలుగేళ్ళ కిందటి శరత్కాలం దగ్గర వేలు ఆగింది. ఆ ఏడు మూడో బల్ల మీద ఎనిమిదో పేరు తనదే.

ఆ శరత్కాలంలోనే మామాసాలి, ఈ సీజన్‌లో ఎవరి తూకం ఎక్కువుంటే వాళ్ళకి షెడ్డు అజమాయిషీ ఇస్తానని ప్రకటించాడు. ఆ తర్వాతి వారం నుంచి బురుల్ పేరు కింద పన్నెండు, పదమూడు, పద్నాలుగు. సీజన్ అయ్యేదాకా పద్నాలుగే. అప్పట్లో తన చేతుల్ని తనే ముద్దుపెట్టుకున్నంత పని చేసింది. ‘పద్నాలుగు కిలోల బురుల్’ అని రాసి ఆమె ఫోటో షెడ్డు గోడకి తగిలించారు, ఇప్పటికీ ఉంది. కొడుకుతో, మరిదితో, జలాలాబాద్‌లో పాఠాలాయనతో కూడా ఆ అంకె చెప్పుకుంది.

మళ్ళీ నిలువుగా కూడింది. తనకి పద్నాలుగు వచ్చిన ప్రతిరోజూ తక్కిన ఏడుగురికీ కలిపి డెబ్బై నాలుగు. తను అందరితో పాటు పదకొండుగా ఉన్న రోజుల్లో వాళ్ళకి డెబ్బై ఏడు. బల్ల మొత్తం ఎప్పుడూ ఎనభై ఎనిమిదే. మూడోసారి కూడినా ఎనభై ఎనిమిదే. బురుల్ పెన్సిల్ కింద పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని రిజిస్టరు మీద మోచెయ్యి వేసుకుని కూర్చుంది.

పని దిగాక అపాని ఇంటిదాకా దిగబెట్టే నెపంతో బురుల్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెలుగు ఇంకా ఉంది. కాలవ పక్కన బురద గడ్డకట్టి కరకరలాడుతోంది. కొంతదూరం నడిచాక బురుల్ మెల్లిగా అంది, జూరా గింజలు మీ బేసిన్లో పడుతున్నాయి అపా అని.

“పడుతున్నాయి.”

“మీకు తెలుసా?”

“కళ్ళు పోతే చెయ్యి కూడా పోతుందా? అది కొట్టిన గింజకి అంచు చెదరదు. నా బేసిన్లో ఏది నాదో ఏది దానిదో నాకు తెలీదా? సాయంత్రం అందరి దగ్గరా తలో పిడికెడు తీసి దానికి సరిపెట్టేదాన్ని. నువ్వు తీసేశావుగా, ఆ ఏడు నిమిషాలూ.”

“సోమవారం అడిగాను కదా అపా. అభ్యంతరం ఉంటే చెప్పమన్నాను కదా.”

“అందరినీ అడిగావు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే. నన్ను అడగాల్సింది. మా ఇంటికొచ్చి, ఓ గిన్నెడు టీ తాగి, నీ కొడుకు సంగతీ నా కోడలి సంగతీ మాట్లాడుకున్నాక అడగాల్సింది. చిన్నప్పట్నుంచీ నువ్వు చూసిందే కదే ఇదంతా.”

మరి గురువారం జూరాని నిలబెట్టినప్పుడైనా చెప్పొచ్చుగా అని బురుల్ గొణిగింది. అపా ఆగి, ఊపిరి తీసుకుని, ఆ పిల్ల నా పరువు కోసం నోరు మూసుకుంటే నేను తెరిచి దాని త్యాగం మట్టిపాలు చెయ్యనా, ఇంకో దారేదన్నా దొరుకుతుందేమోనని చూస్తున్నాను అంది. ఇంకొన్ని అడుగులు వేశాక బురుల్ అసలు మాట అడిగింది.

“నా పద్నాలుగు...”

అపా నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి, ఆవిడ బురుల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇన్నాళ్ళూ నీదే అనుకున్నావా పిచ్చిమొహమా? కాయ కొట్టడం నీకు ఏనాడూ చేతకాలేదు. సగం ముక్కలయ్యేవి, ముక్కలు పోను నీ తూకం ఎనిమిదే. కానీ నోరుంది. మామాసాలి ముందు నోరు పెగిలేది నీకొక్కదానికే. ఒకసారి పొయ్యిలోకి చిప్పలు చాల్లేదని వాడితో పోట్లాడావు, గుర్తుందా? నోరున్న మనిషి పైన ఉంటే మా మాట వాడికి చేరుతుందని బల్లంతా అనుకుని నిన్ను పైకి పంపాం. నువ్వు పైకెళ్ళి, వాడి మాట తెచ్చి మాకు చెప్పడం మొదలుపెట్టావు.”

కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. గేటు దగ్గర గడియ తడుముకుని, తెరుచుకుని, లోపలికి రా, టీ తాగిపో అని కూడా అంది. బురుల్ తాగలేదు. ఇంటికి వెళ్ళేదారిలో రెండుసార్లు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే భయం ఎక్కువగా ఉంది. రేపు శనివారం.

శనివారం పొద్దుట కాటా గదిలో మామాసాలి ముందు నిలబడేసరికి బురుల్ అరచేతులు చెమట పట్టాయి. మూడు ముక్కల్లో చెప్పు, మొదటిది సమస్య, రెండోది కారణం, మూడోది దారి అని పాఠాలాయన చెప్పింది కాగితం మీద రాసుకుని వచ్చింది. కాగితం చెమటకి తడిసి మెత్తబడింది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పని. జూరా తూకం ఎటు పోతోందో చెబితే అపా పీట పోతుంది. చెప్పకపోతే జూరా పీట పోతుంది. రాత్రంతా ఆలోచించి, ఎవరి పీటా పోని మూడో దారి ఒకటి పట్టుకొచ్చింది.

మామాసాలి కండువా సర్దుకుంటూ, పేరు చెప్పు, అవతల పని ఉంది అన్నాడు.

పేరు లేదు బైకే అంది. మూడో బల్ల మీద మనిషి తూకం నిజం తూకం కాదు, బల్ల తూకమే నిజం, ఆ అంకెలు పట్టుకుని ఒక మనిషిని తీసేస్తే తప్పు మనిషి పోతుంది అంది. ఆర్డరు తగ్గితే ఒకరి కడుపు కొట్టే బదులు అందరికీ నెలకో శనివారం మాన్పించండి, లెక్క సరిపోతుంది, వేసి తెచ్చాను అని కాగితం చాచింది. ఆయన కాగితం అందుకోలేదు.

“ఈ పాఠాలు జలాలాబాద్‌లో నేర్పారా? తూకం తూకం కాదంటే ఇంక ఏది తూకం? పద్నాలుగు కిలోల బురుల్ అనాల్సిన మాటేనా ఇది?”

“ఆ పద్నాలుగూ నావి కాదు బైకే. నావి ఎనిమిదే. తక్కినవి బల్ల వేసింది. పాత రిజిస్టర్లలో ఉంది, చూపిస్తాను.”

మామాసాలి ఆమెను ఎగాదిగా చూశాడు. మోసపోయానన్న కోపం, ఇది నిజమా అన్న అనుమానం, రెండూ మొహంలో కలగాపులగం అయ్యాయి. ఆయన వ్యాపారి. మాట మీద కంటే కాటా మీద నమ్మకం.

“సరే. మధ్యాహ్నం నుంచి నువ్వు మూడో బల్ల మీద కూర్చో. నేను ఇక్కడే ఉంటాను. సాయంత్రం నీది ఆఖరి తూకమైతే నువ్వు చెప్పింది నిజం. అప్పుడు రిజిస్టరులో ఆఖరున ఉన్న జూరా పేరు కొట్టేసి నీ పేరు రాస్తాను. కాకపోతే నువ్వు నాకు కథలు చెప్తున్నట్టు. అప్పుడు ఆ పిల్ల పోతుంది. ఇంకో మాట లేదు.”

బురుల్ ఒప్పుకుంది. ఎనిమిది కొట్టే చెయ్యి, ఆఖరున రావడం ఎంత పని అనుకుంది. తన పని పోతుంది, జూరా మిగులుతుంది. అపా కళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. భయంలోనే ఒక రకమైన నిమ్మళం వచ్చింది.

మూడో బల్ల దగ్గర ఎనిమిదో పీట మీద నాలుగేళ్ళుగా అపా టీ ఫ్లాస్కు ఉంటోంది. బురుల్ దాన్ని కింద పెట్టి కూర్చుంది. ఒకపక్క అపా, ఇంకోపక్క గోడ. మామాసాలి ఎదురుగా గోతాల మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. ఆయన పొద్దుట అన్న మాటలు షెడ్డంతా వినే ఉంటుంది, కాటా గది తలుపు సరిగ్గా పడదు.

మొదటి కాయకే బొటనవేలి మీద కొట్టుకుంది. రెండోది పిండి అయింది. బల్ల చుట్టూ సుత్తులు వర్షం పడినట్టు ఒకే ధారగా మోగుతుంటే ఆమెది మధ్యలో కుంటుతోంది. గంట గడిచాక బేసిన్ అడుగు కనపడకుండా నిండింది. ఇంత నేను కొట్టానా అని ఒక్క క్షణం సంతోషపడింది. తను కొట్టలేదు.

అపా ఎడమచెయ్యి గోతం వైపు వెళ్తోంది, వస్తోంది. దారిలో బురుల్ బేసిన్ ఉంది.

వద్దని ఎలా చెప్పడం? ఎదురుగా ఆయన. బురుల్ దగ్గినట్టు చేసి, వద్దు అపా, నేను ఆఖరున రావాలి అని పెదాలు కదపకుండా అంది. అపా వినిపించుకోలేదు. బురుల్ ఒక పిడికెడు తీసి, గోతం కోసం వంగినట్టు వంగి, జూరా బేసిన్లో వేసింది. కాసేపటికి చూస్తే తన బేసిన్ మళ్ళీ అంతే ఉంది, జూరా బేసిన్ తగ్గి ఉంది. ఇలాగే సాగితే తన తూకం ఆఖరుది కాదు, తను అబద్ధాలకోరు అవుతుంది, జూరా ఆవుల దగ్గరికి పోతుంది. వీళ్ళ దయే ఆ పిల్ల మెడకి ఉరి అవుతోంది. చెప్పడానికి నోరుంది, చెప్పే వీలు లేదు. మధ్యాహ్నమంతా బురుల్ కొట్టిన కాయల కంటే అటూ ఇటూ మోసిన పిడికిళ్ళే ఎక్కువ. నాలుగున్నరకి బల్ల మీద ఎవరి బేసిన్లో ఎంతుందో ఆమెకే కాదు, ఎవరికీ తెలియని స్థితి వచ్చింది.

గంట మోగింది. మామాసాలి లేచి కాటా దగ్గరికి నడిచాడు.

అప్పుడు అపా మొహం బురుల్ వైపు తిరిగింది. చూపు లేని కళ్ళు ఆమె భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. అడిగే వంతు తనదని బురుల్‌కి ఈసారి అర్థమైంది. లేచి నిలబడింది.

“బైకే, ఒక్క ఏడు నిమిషాలు. సోమవారం నేను పెద్దావిడ దీవెన ఆపేశాను. నా తప్పే. అపా, మీరు సరేనంటే, ఇవాళ దీవించి వెళ్ళండి.”

అపా కాస్త ఆలోచించినట్టు ఆగి, సరే అంది.

దీవెన వద్దనే మగాడు బజార్ కొర్గోన్‌లో ఇంకా పుట్టలేదు. మామాసాలి గడియారం వంక చూసుకున్నాడు, విసుక్కున్నాడు, టోపీ సర్దుకున్నాడు. బల్ల చుట్టూ ఎనిమిది జతల చేతులు మొహాల ముందు విచ్చుకునేసరికి ఆయన చేతులు కూడా వాటంతటవే లేచాయి. తస్బీ మణికట్టుకి వేలాడుతోంది. తల వంచి తన అరచేతుల్లోకి చూసుకుంటూ నిలబడ్డాడు. అరచేతుల్లో ఆయనకి గీతలు తప్ప ఏం కనపడతాయి?

తోతుకాన్ అపా గోడ పట్టుకుని, భుజాలు పట్టుకుని నడిచింది. ఒక్కో బేసిన్లో మణికట్టుదాకా చెయ్యి ముంచింది. బెరెకే అంది. వేళ్ళు లోపల కదిలాయి, ఆగాయి, పైకి వచ్చాయి. కొన్నిసార్లు ఖాళీగా వచ్చాయి, కొన్నిసార్లు మూసుకుని వచ్చాయి. మూసుకున్న పిడికిలి తర్వాతి బేసిన్లో విచ్చుకుంది. రాశి తరగకుండు గాక అంది. ఒకసారి వెనక్కి కూడా వెళ్ళింది. బురుల్ తల వంచుకుని ఉన్నా, తన బేసిన్లో ఆవిడ చెయ్యి చాలాసేపు ఉండటం తెలుస్తూనే ఉంది. అందరూ ఓమిన్ అన్నారు. మామాసాలి అందరికంటే గట్టిగా అని మొహం తడుముకున్నాడు.

కాటా మీదికి మొదట అపా బేసిన్ ఎక్కింది. అయిదు కిలోలు. పూట తూకం గనక ఎవరికీ అంతకంటే పెద్ద అంకె రాదు. తర్వాతిది అయిదు. ఆ తర్వాతిది అయిదు. నాలుగో అయిదు దగ్గర మామాసాలి కనుబొమలు ముడిపడ్డాయి. ఆరో అయిదు దగ్గర ఆయన ఆపమని, కాటా మీద రెండు కిలోల రాయి పెట్టి చూశాడు. రెండే చూపించింది. జూరా బేసిన్ పెట్టింది. అయిదు. బురుల్ బేసిన్ పెట్టింది. ముల్లు అయిదు మీద ఊగి, ఊగి, అయిదు మీదే నిలిచింది.

షెడ్డులో మొదటి రెండు బల్లల వాళ్ళు కూడా ఇళ్ళకి వెళ్ళలేదు. ఎవరూ నవ్వలేదు. జూరా కండువా కొస నోట్లో కుక్కుకుని నేల వంక చూస్తోంది.

మామాసాలి రిజిస్టరులో ఎనిమిది అయిదుల్నీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. అంకెలతో బతికినవాడు, మూర్ఖుడు కాదు. చూపు అంకెల మీంచి అపా చేతుల మీదికి, అక్కణ్ణుంచి తన అరచేతుల మీదికి వచ్చింది.

“ఆఖరుది ఎవరిది?”

“ఆఖరుది లేదు బైకే” అంది బురుల్. కళ్ళు దించుకోలేదు. అది మాత్రం పాఠాలాయన పుణ్యమే.

ఆయన చాలాసేపు పెన్సిల్‌తో రిజిస్టరు అంచు మీద కొట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. ఏం కావాలో మొదట ఆమెకి అర్థం కాలేదు. పొద్దుట ఆయన అందుకోని కాగితం. ఎన్నో మడతలు పడి, చెమటకి మెత్తబడిన దాన్ని ఆయన విప్పి చదివాడు.

“నెలకో శనివారం సెలవు. అందరికీ. అల్మాటీ వాడు మళ్ళీ ఆర్డరు పెంచేదాకా.” తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే గోడ వైపు చెయ్యి చూపించాడు. “ఆ ఫోటో మాత్రం తీసెయ్. చూడలేకపోతున్నా.”

బురుల్ పీట ఎక్కి ఫోటో దింపింది. జూరా పీట పట్టుకుంది. ఫోటో ఉన్నచోట గోడ తెల్లగా, చదరంగా మిగిలింది. నాలుగేళ్ళ దుమ్ముకి ముక్కు దురద పుట్టి తుమ్మింది, తుమ్ముతూనే నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

కింద అపా తన సుత్తిని గుడ్డలో చుట్టుకుంటోంది.

“ఏమే, ఎన్ని నిమిషాలు పట్టిందీ?”

బురుల్ జేబు తడుముకుంది. గడియారం అందులోనే ఉంది. పొద్దుట్నుంచీ బయటికి తియ్యలేదు.

“చూడలేదు అపా” అంది.